కొల్లాపూర్ నుంచి ఆత్మకూరుకు

పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే తెలంగాణలోని కొల్లాపూర్‌కీ ఆంధ్రప్రదేశ్‌లోని ఆత్మకూరుకీ మధ్య 40 కిలోమీటర్లు ఉండవు. రోడ్డున బయల్దేరితే దాదాపు 160. సొంత బండి ఉన్నవాళ్లకు మూడున్నర, నాలుగు గంటలు. బస్సులు మారుతూ పోయేవాళ్లకు ఒక పూటంతా దారిలోనే గడిచిపోతుంది. నడుమ కృష్ణ అడ్డం.

ఆత్మకూరు ఉన్నది ఆగ్నేయాన. రోడ్డేమో మామిడి తోటలు దాటి పెంట్లవెల్లి, జటప్రోలు మీదుగా పడమటి దారి పడుతుంది. శ్రీశైలం జలాశయం 885 అడుగులకు నిండితే నీళ్లు ఎవరి చేను దాకా వస్తాయో ఇక్కడివాళ్లను అడగాలి. ముంపులో పడిన జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని విప్పి మెరక మీద మళ్లీ కట్టారు. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డునున్న సోమశిల గుళ్లూ అలాగే తరలాయి. మునిగిన పొలాన్ని అలా ఎత్తి పెట్టడం ఎవరి తరం?

పెబ్బేరులో 44వ జాతీయ రహదారి ఎక్కి దక్షిణానికి మళ్లితే బీచుపల్లి. ఆంజనేయస్వామి గుడి దగ్గర వంతెన కింద పారేది తుంగభద్ర ఇంకా చేరని కృష్ణ. అలంపూర్ చౌరస్తా దాటి కర్నూలు పొలిమేరకు వస్తే తుంగభద్ర. ఈ రెండూ అలంపూర్‌కు దిగువన కూడవెల్లి దగ్గర కలుస్తాయి. సోమశిల దగ్గర ఒక్కటై పారే నదిని దాటే దారి లేక, అది రెండుగా ఉన్నచోటి దాకా ఎగువకు పోయి, రెండుసార్లు దాటి, ఆవలి ఒడ్డున మళ్లీ దిగువకు రావాలి. ఇంత చుట్టూ ఒక్క వంతెన లేనందుకే.

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు. మన్ననూరు, శ్రీశైలం, దోర్నాల దారీ ఉంది కానీ అది ఇంకా చుట్టు. పైగా పులుల అడవి కాబట్టి రాత్రి గేట్లు వేసేస్తారు.

అందుకే జనం సోమశిల రేవులో బోటెక్కుతారు. ఒడ్డు నుంచి బోటు అంచుకు పలక వేసి, ఒకరు హ్యాండిల్ పట్టుకుంటే ఇంకొకరు వెనక నుంచి నెట్టి మోటారు సైకిల్ ఎక్కిస్తారు. పక్కనే సంచులు, పసిపిల్లలు. కాసేపట్లో ఆవలి ఒడ్డున సిద్ధేశ్వరం గుట్టలు దగ్గరవుతాయి. 2007 జనవరిలో ఈ నీళ్లలోనే పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కూడా జనానికి వేరే దారి లేకపోయింది.

కల్వకుర్తి–నంద్యాల రహదారిలో భాగంగా ఇక్కడ తీగల వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది. వ్యయం వెయ్యి కోట్లకు పైనే. హైదరాబాద్ నుంచి తిరుపతికి 80 కిలోమీటర్లు తగ్గుతాయని, పర్యాటకులు నడవడానికి గాజు బాట ఉంటుందని చెప్పారు. మంచిదే. కానీ ఈ వంతెన మీద తొలి హక్కు జలాశయానికి ఊళ్లిచ్చినవాళ్లది. రెండు ఒడ్డుల పల్లెలకూ దిగే దారులు, బస్సు ఆగే చోట్లు, అంబులెన్సు తిరిగే వీలు నిర్మాణంలోనే ఉండాలి. కొల్లాపూర్–ఆత్మకూరు ఆర్డినరీ బస్సు నడపడానికి రెండు రాష్ట్రాల ఆర్టీసీలు ముందుగానే మాట్లాడుకోవాలి.