మూడు పేజీల మీద ఎర్రగీత

ప్రతి నెలా రెండో ఆదివారం మేం నలుగురం కలుస్తాం. నల్లకుంటలో మాలో పెద్దావిడ ఇంట్లో. ఆవిడ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఒకామె టీవీ సీరియళ్ళకు మాటలు రాస్తుంది. ఒకమ్మాయి నిజామాబాద్ దగ్గరి పల్లె నుంచి వచ్చి, కృష్ణానగర్‌లో గది తీసుకుని, అసిస్టెంట్ డైరెక్టరుగా పనిచేస్తోంది. కథలు రాస్తూ రాస్తూ ఇటు వచ్చినదాన్ని నేను. మా నలుగురి దగ్గరా కలిపి తొమ్మిది పూర్తి స్క్రిప్టులున్నాయి. ఒక్కటీ సినిమా కాలేదు.

అచ్చుకాని కథని స్నేహితురాలి చేతిలో పెడితే అది కథే. ఆమె చదివిన క్షణాన పూర్తవుతుంది. తెరకెక్కని స్క్రిప్టు అలా కాదు. అది ఎవరూ కట్టని ఇంటి ప్లాను. అందులో వంటిల్లు ఎక్కడో, కిటికీ ఎటువైపో రాసినవాళ్ళకే తెలుసు. అందుకే మా ఆదివారాలు మాకంత ముఖ్యం. ఆ ప్లాను పట్టుకుని ఇంట్లో తిరిగి చూడగలిగేది మేం నలుగురమే.

పైగా మన సినిమావాళ్ళు స్క్రిప్టు చదవడం తక్కువ. వాళ్ళకి కథ చెప్పాలి. రెండు గంటలపాటు నిర్మాత ముందు కూర్చుని, పాట దగ్గర పాటలా, ఫైట్ దగ్గర ఫైట్‌లా చెప్పాలి. నచ్చితే ఆ తర్వాత సిట్టింగులు. ఆఫీసులోనో హోటల్ గదిలోనో మొదలై అర్ధరాత్రి దాకా సాగే ఆ కథాచర్చల్లోనే పాత్రలు పుడతాయి, పోతాయి. రాత్రి పదకొండింటికి ఆ గదిలో నిశ్చింతగా కూర్చోగలిగే ఆడవాళ్ళెందరు? కూర్చున్నా, మాట వినేదెవరు?

ఆడవాళ్ళు సినిమా తియ్యలేదని కాదు. 1953లో భానుమతి 'చండీరాణి'కి దర్శకత్వం వహించింది. 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు' తీసింది. యద్దనపూడి సులోచనారాణి నవల 'మీనా'ని 1973లో విజయనిర్మల సినిమాగా తీసింది. కానీ ఆ ముగ్గురూ అప్పటికే పేరున్న నటీమణులు. వాళ్ళు గదిలోకి వస్తే కుర్చీ ఖాళీ అయ్యేది. ముఖం ఎవరికీ తెలియని రచయిత్రికి కుర్చీ ఎవరిస్తారు? మా కుర్చీలు మేమే వేసుకుందామని ఈ ఆదివారాలు మొదలుపెట్టాం.

మొదట్లో భయాలుండేవి. కథ ఎక్కడికైనా పోతుందేమోనని. సీరియళ్ళు రాసే స్నేహితురాలు ఒకప్పుడు ఒక ఆఫీసులో కథ చెప్పి వచ్చింది. రెండేళ్ళ తర్వాత థియేటర్లో కూర్చుని తన ఇంటర్వెల్ సీను తనే చూసింది. చెప్పిన కథకి సాక్ష్యం ఏముంటుంది? ఆలోచనకి కాపీరైటు లేదని, దాన్ని రాసిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. అందుకే రచయితల సంఘంలో రిజిస్టరు చేయించిన తర్వాతే స్క్రిప్టు తెచ్చుకోవాలని నియమం పెట్టుకున్నాం. ప్రతి కాపీ మీదా తేదీ, తీసుకున్నవాళ్ళ సంతకం. ఇది అనుమానం కాదు, ఒకరికొకరం సాక్షులుగా ఉండటం.

దొంగతనం గురించి అంత జాగ్రత్తపడ్డ నేను, ఇంకో ప్రమాదాన్ని నా గొంతులోనే ఆ గదిలోకి మోసుకొచ్చాను.

నిజామాబాద్ అమ్మాయి తన మొదటి స్క్రిప్టు తెచ్చింది. బీడీలు చేసే తల్లీ కూతుళ్ళ కథ. అందులో ఒక సీను మూడు పేజీలుంది. మాటల్లేవు. రాత్రిపూట చాట ముందు పెట్టుకుని ఇద్దరూ బీడీలు చుడుతుంటారు. ఆకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, దారం కట్టడం. కూతురికి కునుకు పడుతుంది. వేళ్ళు మాత్రం ఆగవు. తల్లి కూతురి చాటలోంచి సరిగ్గా రాని బీడీలు ఏరి తన చాటలో వేసుకుంటుంది. పొద్దున లెక్క చూసేవాడు వాటిని తీసి పక్కన పారేస్తే, తరిగేది తన కూలి కావాలని.

నేను ఆ మూడు పేజీల మీద ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీత గీశాను. "లాగ్ ఉంది. కథ కదలడం లేదు. ఆడియన్స్ లేచి బయటికి పోతారు. అర పేజీ చాలు" అన్నాను. నాకు తెలివిగానే అనిపించింది. ఆ అమ్మాయి "సరే అక్కా" అంది. వచ్చే నెలకి ఆ సీను అర పేజీ అయింది. తల్లి బీడీలు ఏరుకోవడం అందులో లేదు. ఎవరం గమనించలేదు.

ఆ వెర్షన్‌నే ఆమె ఒక నిర్మాతకి చెప్పింది. ఆయన పావుగంట విని, "హీరో ఎప్పుడొస్తాడమ్మా?" అన్నాడట. అది విని మేమంతా నవ్వాం. ఆమె నవ్వలేదు. "ఆయన అడిగేదే అక్క ముందే అడిగింది గదా" అంది. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.

నాకా రాత్రి నిద్ర పట్టలేదు. లాగ్, ఆడియన్స్, లేచిపోతారు... ఏ గదిలోకి నన్ను రానివ్వలేదని ఇన్నాళ్ళూ బాధపడ్డానో ఆ గది మాటలే ఇవి. ఆ గది లోపలికి నేను పోలేదు గానీ అది నా లోపలికి వచ్చి కూర్చుంది.

తర్వాతి నెల నా స్క్రిప్టు వంతు. నూటపన్నెండు పేజీలు. ఉద్యోగం చేసే అమ్మాయి కథ, స్త్రీవాద కథ అని నా గట్టి నమ్మకం. అందరూ మెచ్చుకున్నారు. చివర్లో ఆ అమ్మాయి అడిగింది: "అక్కా, మీ అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్‌కు పేరుంది, యాదయ్య. హీరోయిన్ తల్లికి పేరేది? అంతటా 'అమ్మ' అనే ఉంది."

వెతికాను. నిజమే. పదిహేడు సీన్లలో ఉందావిడ. ఏడింటిలో కాఫీ ఇచ్చి వెళ్ళిపోతోంది.

పేరు పెట్టడం ఎంతసేపని కూర్చున్నాను. మూడు నెలలు పట్టింది. పేరు పెట్టగానే ఆవిడ కాఫీ ఇచ్చి వెళ్ళనంది. ఆవిడకి చదువెంత? పెళ్ళికి ముందు ఏం చేసేది? కూతురి జీతం చూసి సంతోషమేనా, కాస్త అసూయ కూడానా? ఆ ఏడు సీన్లూ తిరగరాయాల్సి వచ్చింది. క్లైమాక్స్ మారింది. ఎవరి కోసం ఆ అమ్మాయి ఇల్లు వదిలి వెళ్ళిందో అది కూడా మారింది.

ఆ తర్వాత మేం పద్ధతి మార్చుకున్నాం. ఆడియన్స్ పేరు చెప్పి ఎవరూ మాట్లాడకూడదు. "నాకు విసుగేసింది" అనొచ్చు, ఏ పేజీలో, ఏం ఆలోచిస్తుంటే విసుగేసిందో చెప్పాలి. మందు చెప్పే ముందు, చదువుతుంటే కళ్ళకి ఏం కనిపించిందో చెప్పాలి. రాసినామె అనుకున్నదీ మాకు కనిపించిందీ ఒకటి కాకపోతే, ఆ తేడా గురించే చర్చ. "ఇలాగైతే మెచ్చుకోలు సంఘం అయిపోతామేమో" అని పెద్దావిడ అనుమానపడ్డారు. అలా కాలేదు. "నాకు" అని మొదలుపెట్టాక మాట ఇంకా పదునైంది. ఎవరి వెనకా దాక్కోవడానికి లేదు కదా.

ఒక సమావేశానికి ఆ అమ్మాయి పాత స్క్రిప్టు నా కాపీ తీసుకెళ్ళాను. ఆ మూడు పేజీలూ ఆమె దగ్గర లేవు. కంప్యూటర్లో పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోయింది. నా జిరాక్సులో మాత్రం ఉన్నాయి, నా ఎర్రగీతతో సహా. ఆమె చేతికిచ్చి, "తప్పు చేశాను, చదివి వినిపించు" అన్నాను.

గీత కిందనుంచే చదివింది. పెద్దావిడ కళ్ళు మూసుకుని విన్నారు. తల్లి బీడీలు ఏరుకునే చోటుకి వచ్చేసరికి సీరియళ్ళు రాసే స్నేహితురాలు చేతిలో టీ కప్పు కింద పెట్టేసింది.

చదవడం అయ్యాక ఆ అమ్మాయి కాసేపు కాగితాలు చూసుకుని, నా దగ్గర ఎర్ర పెన్సిలే అడిగి తీసుకుంది. "తంబాకు కాడ అర పేజీ నిజంగనే ఎక్కువుంది అక్కా" అని కొట్టేసింది. మిగతా రెండున్నర పేజీల పక్కన 'ఉండాలె' అని రాసుకుంది.

ఆ సినిమా ఎవరూ తీయలేదు. వచ్చే ఆదివారం ఆమె రెండో స్క్రిప్టు వంతు. కాపీ వచ్చి మూడు రోజులైంది. పెన్సిల్ పక్కన పెట్టి చదువుతున్నాను.