రోము నుంచి వచ్చిన వెండి

హైదరాబాదు నుంచి పడమరగా బయలుదేరితే మొదట మొయినాబాదు వస్తుంది. మర్రిచెట్లకు పేరుపొందిన ఆ దారినే ఇంకా పోతే, నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన చేవెళ్ల తగులుతుంది. అక్కడ ఉత్తరానికి తిరిగి, శంకరపల్లి మీదుగా సంగారెడ్డి చేరితే, దానికి సమీపంలోనే కొండాపురం ఉన్నది. ఈ ఊరి దగ్గర ఉన్న పాటిదిబ్బను 1940-41లో తవ్వినప్పుడు శాతవాహనుల కాలపు ఇళ్ళు, పూసలు, వేలకొద్దీ నాణేలు బయటపడ్డాయి. వాటిలో రోము చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం ఒకటి ఉన్నది!

బంగారమే కాదు, వెండి కూడా వచ్చింది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటనే 1,531 రోమను వెండి నాణేలు దొరికాయి. వీటిని దెనారియస్‌లంటారు. ఒక్కొక్కటి నాలుగు గ్రాములకు కొంచెం తక్కువ తూగుతుంది.

మన దేశంలో ఎక్కువగా దొరికే ఆగస్టస్ వెండి నాణెం చూడండి. ఒకవైపు ఆకుల దండ ధరించిన చక్రవర్తి తల. రెండోవైపు డాళ్ళూ, ఈటెలూ పెట్టుకుని ఇద్దరు యువకులు నిలబడి ఉంటారు. వాళ్ళు గాయస్, లూసియస్. ఆగస్టస్‌కు కూతురి కొడుకులు. తన తరువాత రాజ్యం ఏలాలని వారిని ఆయన దత్తత చేసుకున్నాడు. కాని లూసియస్ క్రీ.శ. 2లో, గాయస్ 4లో చనిపోయారు. రాజ్యం టైబీరియస్‌కు వెళ్ళింది. ఆయన నాణెం మీద కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ ఉంటుంది. ఆమె ఆయన తల్లి లివియా అని చాలామంది అంటారు.

ఇంత వెండి ఇక్కడికి ఎందుకు వచ్చింది? ఎర్రసముద్రం దాటి, నైరుతి ఋతుపవనాల సాయంతో ఓడలు మన తీరాలకు వచ్చేవి. మిరియాలు, ముత్యాలు, సన్నని నూలుబట్టలు కొనుక్కుపోయేవి. ఏటా 5 కోట్ల సెస్టర్స్‌ల ధనం ఇండియాకు పోతున్నదని రోమను రచయిత ప్లినీ వాపోయాడు. నాలుగు సెస్టర్స్‌లు ఒక దెనారియస్. మరి ఎన్ని దెనారియస్‌లో మీరే లెక్క కట్టండి!

మన వర్తకులు గట్టివాళ్ళు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణెంలో వెండి తగ్గించాడు. మన దేశంలో దొరికే రోమను వెండి నాణేలు ఎక్కువగా అంతకు ముందువే. కొన్నిటి మీద ఇక్కడివారు వేసిన చిన్న చిన్న ముద్రలు కూడా కనిపిస్తాయి.

ఇప్పుడు చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతాలలో పొలాలు ఇళ్ళస్థలాలవుతున్నాయి. ఎక్కడ చూసినా పునాదులు తవ్వుతున్నారు. పాతనాణేలు బయటపడితే కరిగించనివ్వకండి. పెద్దవాళ్ళ చేత కలెక్టరుకు తెలియజేయించండి. కరిగిస్తే మిగిలేది పిసరంత వెండి. ఆ ఇద్దరు అన్నదమ్ముల కథ మాత్రం మళ్ళీ దొరకదు.