రోహతాంగు కనుమ



మా వారు బడిలో భూగోళము చెప్పుదురు. ఇంట గోడకు వ్రేలాడు హిమాలయ పటములో రోహతాంగు కనుమపై వ్రేలుంచి, "నాన్నా, అక్కడ మంచు చూపింతువా?" యని మా చిన్నవాడు నిత్యము నడుగుచుండెడివాడు. వచ్చు వేసవికని ఆయన యనెడివారు. వాడు తొమ్మిదవ యేట జ్వరముతో పోయెను. రెండు వేసవులు గడచిన పిదప, మొన్నటి మే నెల చివర మేమిరువురమే బయలుదేరితిమి.

హిమాచల ప్రదేశమందలి మనాలినుండి కనుమకు 51 కిలోమీటర్లు. మనాలి చేరువనే వసిష్ఠ గ్రామము కలదు. అచ్చటి వేడినీటి గుండములలో స్త్రీలకు వేరుగా చాటు కట్టినారు. అంతటి చలిలో అట్టి స్నానము భాగ్యమే!

క్రింద పారు బియాసు నదియే మన పురాణముల విపాశ. నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న వసిష్ఠుడు త్రాళ్లతో తన్ను బంధించుకొని యిందు దుమికెననియు, నది యా పాశములను విప్పి యొడ్డు చేర్చెననియు, అందుచే నా పేరు కలిగెననియు భారతమున ఆదిపర్వమందు కలదు. బాల్యమున మా తండ్రిగారియొద్ద ఈ కథ చదువుకొన్ననాడు నది యెంత దయగలదో యని సంతసించితిమి. కట్లు విప్పిన నది శోకమును గూడ విప్పినదా యని యడుగుట ఆనాడు మాకు తోచలేదు.

కనుమ యెత్తు 13,050 అడుగులు. ఆ పేరునకు శవముల ప్రోగని యర్థము చెప్పుదురు. మంచుతుపానులలో చిక్కి యెందరో పోయిన త్రోవ యది. ఈవల కరగిన మంచు విపాశలో చేరును. ఆవల కరగినది చంద్రానదికి పోవును. ఆ చంద్ర తాండివద్ద భాగతో గూడి చంద్రభాగ యగును. దారి ప్రక్కనున్న మంచు బండ్ల పొగకు మసిబారి, చూడ నసహ్యముగా నున్నది. మా వారు పైకెక్కి తెల్లని మంచు దోసిట పట్టి తెచ్చి, "ఇదే" యనిరి. గాలి పలుచనగుటచే మాకిరువురకు ఆయాసము వచ్చుచుండెను. మాటాడకుండుటకు అదియొక నెపమైనది.

కనుమ దిగిన లాహూలు సీమ. చెట్టు చేమ అరుదైన కొండలు. కోక్సరువద్ద తేనీరమ్ము నొక స్త్రీ, యించుమించు మా యీడుదే, మాకు వచ్చిన కొలది హిందీతో పలుకరింపగా, తనకు ముగ్గురు పిల్లలనియు, ఒకడు లేడనియు చెప్పినది. పూర్వము శీతకాలమున కనుమ నెలల తరబడి మూతపడెడిది. అట్టి దినములలో పిల్లవానికి జబ్బు చేసినదట. 2020 అక్టోబరు 3వ తేదిన కొండ క్రింద 9 కిలోమీటర్ల సొరంగము తెరచిరి. "అది అప్పుడే యుండిన, నా బిడ్డ బ్రతికెడివాడమ్మా" యనినది.

మా యింటికి ఆసుపత్రి రెండు వీధుల దూరము. ఆ మాట చెప్పుటకు మాకు నోరు రాలేదు. మాకును ఒకడు లేడని మాత్రము చెప్పితిమి. ఆమె పొయ్యి ప్రక్కకు పీట జరిపినది.

తిరుగు ప్రయాణము సొరంగముననే. పావుగంటయైనను పట్టలేదు. అంతసేపును మా వారు చేతి గడియారమునే చూచుచు కూర్చుండిరి.