వరద నీరు తాకిన గిన్నెల యంత్రం

2025 అక్టోబరు 29న మొంథా తుఫాను వర్షం మా హుస్నాబాద్‌ను ముంచెత్తింది. మార్కెట్ యార్డులో రైతులు పోసుకున్న వడ్లు నీటిలో కొట్టుకుపోయాయి. ఆ నష్టం ముందు మా వంటింటి నష్టం ఎంచదగినది కాదు. అయితే ఆ తరువాతి రోజులలో ఇరుగుపొరుగువారు మమ్మల్ని పదే పదే అడిగిన ప్రశ్న ఒకటి ఉంది: మోరీ నీటిలో మునిగిన వస్తువును మళ్లీ వాడవచ్చునా? అందుకే మా ఇంటి డిష్‌వాషర్ సంగతి వ్రాస్తున్నాము.

దానిని దుబాయిలో ఉన్న మా మేనల్లుడు కొనిపెట్టాడు. కీళ్లనొప్పులున్న తన ముమానీ చలికాలంలో గిన్నెలు తోమలేదని అతని బాధ. మదర్సా ఉపాధ్యాయుని ఇంట ఈ ఆడంబరమేమిటని ఒకరిద్దరు అన్నారు. ఆమె వేళ్ల వాపు చూసినవారెవరూ ఆ మాట అనలేదు.

యంత్రం అడుగు భాగం నీటిలో మునిగింది. మురుగు గొట్టం గుండా వెనక్కి తన్నిన నీరు గిన్నెలు పెట్టే అరలోకి కూడా చేరింది. “పారేయండి మామూ, కొత్తది పంపిస్తాను” అన్నాడు అబ్బాయి ఫోనులో. “ముందు కడిగి చూద్దాం బేటా, బాగుపడే వస్తువును పారవేయడం ఇస్రాఫ్ అవుతుంది” అన్నాము.

ఇక పరిశుద్ధత విషయం. గడ్డిపరకను మోసుకుపోగల నీటిని హనఫీ ఫిఖ్హ్‌లో ప్రవహించే నీరు అంటారు. రంగు, రుచి, వాసనలలో మాలిన్యపు జాడ కనబడనంత వరకు అది పరిశుద్ధమే. ఆనాటి నీరు వడ్లనే మోసుకుపోయింది. కాని ఇంట్లో నిలిచిన నీటిలో మోరీ వాసన స్పష్టంగా ఉంది. దానిని నజిస్‌గానే భావించాము. స్టీలు, గాజు వంటివి నీటిని పీల్చవు గనుక మాలిన్యపు జాడ పోయేలా మూడుసార్లు కడిగితే చాలు. పీల్చుకొని, పిండడానికి వీలులేని వస్తువును కడిగి, నీరు కారడం ఆగేవరకు ఉంచి, ఇలా మూడుసార్లు చేయాలి.

యంత్రమే కడిగేది కదా, నాలుగుసార్లు తిప్పితే సరిపోదా అని కొందరు అడిగారు. సరిపోదు. అది ఒక్కొక్క విడతలో అదే నీటిని తిప్పి తిప్పి చల్లుతుంది. లోపల బురద ఉంటే ఆ బురదనే పళ్లేలపై చల్లుతుంది.

అన్నింటికంటే ముందు కరెంటు. నీరు పూర్తిగా తీసిన తరువాత, పొడి నేలపై నిలబడి మెయిన్ స్విచ్ ఆపాలి. ఆ తరువాతే ప్లగ్గు తీయాలి. నేల తడిగా ఉంటే స్విచ్ జోలికి పోక లైన్‌మన్‌ను పిలవాలి. పనిచేస్తుందేమో చూద్దామని తడి యంత్రానికి కరెంటు ఇవ్వడం ప్రాణానికే ముప్పు. బాగుపడగల మోటారు కూడా కాలిపోతుంది.

మెకానిక్ అడుగు రేకు విప్పగానే వేళ్లెడు ఒండ్రు కనబడింది. ఆ ఒండ్రులో థర్మకోల్ బిళ్ల ఒకటి ఇరుక్కుని ఉంది. నీరు కారితే అది పైకి తేలి యంత్రాన్ని ఆపివేస్తుందట. దానిని శుభ్రం చేయకపోతే మిగతావన్నీ బాగున్నా యంత్రం కదలదు. సర్క్యూట్ బోర్డు తలుపులో, నీటికి పైన ఉండటం మా అదృష్టం, అల్‌హమ్దులిల్లాహ్. మోటారును పది రోజులు ఆరబెట్టి, మెగ్గర్‌తో పరీక్షించిన తరువాతే బిగించారు. నీరు తోడే చిన్న పంపు మాత్రం కొత్తది వేయవలసి వచ్చింది.

జాలీలను, నీరు చల్లే రెక్కలను మేమే విప్పి, సబ్బునీటితో పాత టూత్‌బ్రష్షు పెట్టి రుద్దాము. తరువాత నీటిలో కలిపిన బ్లీచింగు ద్రావణంతో తుడిచి, వెంటనే కడిగివేశాము. అది ఎక్కువసేపు నిలిస్తే స్టీలును తినేస్తుంది. బ్లీచింగులో వెనిగర్ మాత్రం ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుడుతుంది. చివరకు ఖాళీ యంత్రాన్ని మిక్కిలి వేడినీటిపై రెండుసార్లు నడిపాము.

తొట్టి చుట్టూ చప్పుడు తగ్గించేందుకు చుట్టిన దళసరి ఉన్ని ఒకటి ఉంటుంది. అది మురుగును పూర్తిగా పీల్చుకుంది. కడిగి ఆరబెడితే ఫిఖ్హ్ ప్రకారం పరిశుద్ధమే కావచ్చు, కాని దాని లోపల బూజు పట్టదని ఎవరూ చెప్పలేరు. తీసి పారవేశాము. పొరుగింటి వారి పగిలిన చపాతీ పీట గురించి, బిడ్డ పాలసీసాల రబ్బరు పీకల గురించి కూడా ఇదే చెప్పాము. ధర్మం అనుమతించినా, రోగభయం ఉన్నచోట వాడకపోవడమే మా అభిప్రాయం.

ఖర్చు కొత్త యంత్రం ధరలో అయిదోవంతు కూడా కాలేదు. ఉన్ని లేనందువల్ల చప్పుడు మాత్రం పెరిగింది. అందుచేత ఇషా తరువాత వేయడం మాని, పిల్లలు మదర్సాకు వెళ్లాక పగటిపూట నడుపుతున్నాము.