చిన్నప్పుడు వచ్చిన ఈత

"మీకు ఈత వచ్చా?" అని మనవాళ్లలో ఏ ఆడవాళ్లనైనా అడిగి చూడండి. వచ్చే జవాబులు రెండే. "అమ్మో, నీళ్లంటే భయం" అనేది ఒకటి. "చిన్నప్పుడు వచ్చేది" అనేది రెండోది. రెండో జవాబు వాళ్లలో నేనూ ఉన్నాను. వచ్చిన ఈత ఎక్కడికీ పోదని అందరూ చెప్తారు. దాన్ని నలభై ఆరేళ్లప్పుడు కూడా బాగు చేసుకోవచ్చని మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఇవాళ వంటలూ పిల్లల పరీక్షలూ పక్కన పెట్టి ఈత గురించి రాస్తున్నాను.

మాది కోనసీమ. ఎండు కొబ్బరికాయలు జంటగా కట్టి, వాటి మధ్య నన్ను పడుకోబెట్టి కాలవలోకి వదిలాడు మా మావయ్య. వారం తిరిగేసరికి కాయలు అక్కర్లేకపోయాయి. పన్నెండేళ్లు నిండగానే నాయనమ్మ "ఇంక కాలవ మానెయ్యవే" అంది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, అడగాల్సిన పనీ లేదు. అన్నయ్య మాత్రం పెళ్లయ్యేదాకా ఈదుతూనే ఉన్నాడు.

మళ్లీ నీళ్లలోకి నన్ను పంపింది మోకాళ్లు. మెట్లు దిగేటప్పుడు కలుక్కుమంటుంటే డాక్టరుగారు చూసి, "బరువు తగ్గాలి, కానీ కీళ్ల మీద భారం పడకూడదు. ఈత వస్తే అంతకంటే మంచిది లేదమ్మా" అన్నారు. నిజమే, ఛాతీ లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో చాలా భాగం నీళ్లే మోస్తాయి. హైదరాబాదులో మా ఇంటికి దగ్గర్లో ఒక పూల్ ఉంది. పదకొండు నుంచి పన్నెండు దాకా ఆడవాళ్ల బ్యాచ్. మధ్యాహ్నం వంట సంగతేంటా అని నేను ఆలోచిస్తుంటే, "కూర పొయ్యి మీద పడేసి వెళ్లు, నేను దించుతాలే" అన్నారు అత్తయ్యగారు. ఇంకేం కావాలి!

మొదటిరోజు 25 మీటర్ల పూల్‌లో ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లేసరికే ఆయాసం. కోచ్ అమ్మాయి మా పెద్దదాని వయసుది. నవ్వి, "ఆంటీ, మీది కాలవ ఈత. తల పైకెత్తి ఈదుతున్నారు" అంది. కాలవలో అలాగే ఈదాలి మరి. బురద నీళ్లు, ఎదురుగా పడవ వస్తోందో గుర్రపుడెక్క వస్తోందో చూసుకోవాలి. పూల్‌లో చూడాల్సిందేమీ లేదు. ఒళ్లు తూకపుబల్ల లాంటిది. తల లేస్తే కాళ్లు దిగుతాయి. దిగిన కాళ్లని లాక్కుంటూ ఈదడం అంటే నీళ్లలో బస్తా ఈడ్చడమే. అందుకని మొదటి పాఠం, కింద గచ్చు మీద గీత చూస్తూ ఈదడం. మెడ వదులుగా ఉండాలి.

రెండోది ఊపిరి. ఆయాసం వచ్చేది గాలి పీల్చలేక అనుకుంటాం కదా? చాలాసార్లు వదలకపోవడం వల్ల వస్తుంది. మొహం నీళ్లలో పెట్టగానే ఊపిరి బిగబడతాం. పక్కకి తిరిగిన ఆ ఒక్క క్షణంలోనే వదలడమూ పీల్చడమూ రెండూ అవ్వాలంటే ఎలా అవుతాయి? మొహం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో బుడగలు వదులుతూనే ఉండాలి. పక్కకి తిరిగినప్పుడు పీల్చడమే మిగలాలి. అదీ తల ఎత్తకుండా, ఒళ్లంతా ఒక పక్కకి ఒరుగుతుంటే దాంతోపాటే తిరగాలి. ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి. గట్టు పట్టుకుని రెండు వారాలు నేను చేసింది ఇదొక్కటే.

మూడోది కాళ్లు. మోకాలు మడిచి సైకిలు తొక్కినట్టు తన్నకూడదు. కదలిక తుంటి నుంచి రావాలి, మడమలు వదులుగా ఉండాలి. నాలాంటి మోకాళ్ల వాళ్లకి ఇంకో మాట. కప్పలా కాళ్లు విదిలించే బ్రెస్ట్‌స్ట్రోక్ తేలికగా కనిపిస్తుంది గానీ, ఆ విదిలింపు మోకాలి లోపలి వైపు భారం వేస్తుంది. నొప్పి ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా దాని జోలికి వెళ్లకండి.

ఇక చేతులు. గబగబా ఆడిస్తే వేగం రాదు, నురగ వస్తుంది. చెయ్యి ముందుకి పూర్తిగా చాపి, మోచెయ్యి పైనే ఉంచి, అరచేత్తోనూ ముంజేత్తోనూ కలిపి నీళ్లని వెనక్కి తొయ్యాలి. ఒక చెయ్యి ముందుకొచ్చి రెండో చేతిని తాకాకే రెండోది కదలాలని మా కోచ్ ఒక అభ్యాసం చేయిస్తుంది. తొందర తగ్గడానికి దాన్ని మించింది లేదు. బాగుపడుతున్నామో లేదో తెలియాలంటే గడియారం అక్కర్లేదు, చేతులు లెక్కపెట్టుకుంటే చాలు. ఒక పొడవుకి నాకు మొదట్లో 34 పడేవి. నాలుగు నెలలకి 27 అయ్యాయి.

సాధన ఎలాగంటారా? వారానికి మూడు రోజులు. ముందు 100 మీటర్లు మెల్లగా. తర్వాత 25 మీటర్ల చొప్పున ఎనిమిదిసార్లు ఏదో ఒక్క అంశం మీద అభ్యాసం. తర్వాత 50 మీటర్ల చొప్పున నాలుగుసార్లు, మధ్యలో అర నిమిషం విశ్రాంతి. చివర మళ్లీ 100 మీటర్లు తీరిగ్గా. మొత్తం 600. ఏకబిగిన ఈదితే అలిసిపోతాం. అలిసిపోయాక పాత అలవాటే చేతుల్లోకి వచ్చేస్తుంది. అందుకే ఈ ముక్కలు.

గోలి శ్యామలగారి పేరు వినే ఉంటారు. నలభై దాటాక ఈత మొదలుపెట్టి, 2021లో పాక్ జలసంధి దాటారు. 2025 జనవరికల్లా విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్ల సముద్రం, రోజుకింత చొప్పున ఈదేశారు. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. మనం సముద్రాలు దాటక్కర్లేదు. మెట్లు నొప్పి లేకుండా దిగితే చాలు. నేను ఇప్పుడు పక్కగోడ పట్టుకోకుండా దిగుతున్నాను.

అసలు ఇవాళే ఇది రాయడానికి ఒక కారణం ఉంది. పోయిన వారం పూల్ మేనేజరు మమ్మల్ని పిలిచి, "పదిమంది లేకపోతే ఈ గంట పిల్లల కోచింగుకి ఇచ్చేస్తాం మేడం" అన్నాడు. అప్పటికి మేం నలుగురం. ఆయన లెక్క ఆయనది. కానీ ఆ గంట పోతే మిగిలేవి పొద్దున్న ఆరూ సాయంత్రం ఏడూ. రెండూ మన వంటింటి వేళలే. పైగా మగవాళ్లతో కలిసి. పన్నెండేళ్లప్పుడు కాలవ మానమంటే మానేశాను. ఈసారి మానాలని లేదు.

నలుగురం అపార్టుమెంట్లన్నీ తిరిగాం. అందరివీ అవే సందేహాలు. బట్టలంటారా, మోచేతుల దాకా, మోకాళ్ల కింది దాకా ఉండే ఈత దుస్తులు దొరుకుతాయి. జుట్టు పాడవుతుందంటారా, దిగేముందే మంచినీళ్లతో తడిపి కాస్త కొబ్బరినూనె రాసి టోపీ పెట్టుకుంటే క్లోరిన్ నీళ్లు అంతగా పట్టవు. పైకొచ్చాక వెంటనే మంచినీళ్ల స్నానం. నల్లబడతామంటారా, మా పూల్‌కి పైకప్పుంది. అసలు ఈతే రాదంటారా, నాలుగడుగుల లోతు వైపు కోచ్ పక్కనే ఉంటుంది.

ఇప్పుడు ఏడుగురం అయ్యాం. కొత్తగా వచ్చిన ముగ్గురిలో ఒకావిడకి అరవై రెండేళ్లు. నిన్ననే మొదటిసారి మొహం నీళ్లలో పెట్టి బుడగలు వదిలింది.

నెలాఖరు దాకా గడువుంది. ఇంకో ముగ్గురు కావాలి.