విశాఖలో ఎక్కిన విమానం

నగేష్ కుకునూర్ తీసిన ‘ది హంట్’ రాత్రి పూర్తి చేశాను. రాజీవ్ గాంధీ హత్య కేసు మీద సిరీస్. 1991 మే 21 సాయంత్రం ఆయన మద్రాసుకి విమానం ఎక్కింది మన విశాఖలోనే. రాత్రి పది దాటాక శ్రీపెరంబుదూర్‌లో బాంబు పేలింది.

ఆ కేసు దర్యాప్తు చేసిన కార్తికేయన్ బృందం వేట నన్ను కదలనివ్వలేదు. ఆగస్టులో బెంగళూరు శివార్లలో, హత్య పథకాన్ని నడిపిన శివరాసన్ శవమై దొరికాడు. అతనికి తెలిసిందంతా అతనితోనే పోయింది. వెనక ఇంకెవరున్నారో తేల్చమని 1998లో పెట్టిన దర్యాప్తు సంస్థను 2022లో మూసేశారు. నన్ను నిద్రపోనివ్వనిది అదే.

మా పాచిపెంటలో కూర్చుని ఇది చూస్తే అరకు దగ్గరి లివిటిపుట్టు గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? 2018 సెప్టెంబర్ 23న అక్కడ ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ గారిని మావోయిస్టులు కాల్చి చంపారు. ఇక్కడ ఎవరు చంపారో అందరికీ తెలుసు. ఆ రోజే జనం అరకు, డుంబ్రిగుడ పోలీస్ స్టేషన్లకు నిప్పు పెట్టారు. ఆ కోపం వెనకున్న దుఃఖాన్ని ఎవరు నమోదు చేశారు?

ఈ ఘటనను ఎవరైనా సిరీస్‌గా తీస్తే, పోలీసుల వైపు నుంచో దళం వైపు నుంచో కాదు, ఆ ఊరివాళ్ల వైపు నుంచి తీయండి. వాళ్లని ఆదివాసీ ఒడియాలోనే మాట్లాడనివ్వండి. కింద తెలుగులో వేస్తే మేం చదువుకుంటాం.