ఫరిష్తాల కొండ మీద మేం

"ఉమ్రాకా?"

ఆదిభట్లలో మమ్మల్ని ఈ మాట అడగని మనిషి లేడు. వీసా కాగితాలకు జిరాక్సులు తీసిన షాపతను అడిగాడు. బ్యాంకులో అడిగారు. మజీదు మెట్ల మీద సలాం చేసి మరీ అడిగారు. కాదంటే రెండో ప్రశ్న సిద్ధంగా ఉండేది: "మరి సౌదీనా, దుబాయా? ఏం పని దొరికింది?" రెండూ కాదు, స్విట్జర్లాండు పోతున్నాం, మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటాం అంటే నమ్మలేదు. హిందువులూ నమ్మలేదు, మావాళ్లూ నమ్మలేదు. "ఆడుకోనీకా?" అని నవ్వారు.

ముసల్మాను విమానం ఎక్కితే రెండే కారణాలు. ఒకటి కడుపు, రెండోది కాబా. మూడో కారణం ఉండొచ్చని చాలాకాలం మాకే తోచలేదు.

2025 జనవరి ఆఖరున పదకొండు మందిమి పోయాం. చిచ్చా పిల్లలం, ఖాలా పిల్లలం, కోడళ్లు కలిసి తొమ్మిది మందిమి. మాతో బళ్లో చదువుకున్న యాదవుల దోస్తు ఒకడు, అతని భార్య. మాలో ఇద్దరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒకరికి పత్రిక పని, ఒకరు విమానాల విడిభాగాల ఫ్యాక్టరీలో ఫిట్టరు. అందరికంటే పెద్ద మా చిచ్చా. అరవై మూడేళ్లు. అందులో పద్నాలుగేళ్లు సౌదీలో డ్రైవరీ.

డబ్బెక్కడిదని అడుగుతారు. అడగాలి కూడా. ఔటర్ రింగు రోడ్డు రాకముందే మా పెద్దల చెల్క అగ్గువకు పోయింది. మిగిలిన ముక్క ప్లాటు అయ్యింది. దానికి కాస్త ధర పలికింది. మిగతాది మూడేళ్లు చీటీ కట్టి కూడబెట్టాం. ఇది ముసల్మానులందరి కథ అని మేం చెప్పం. 2006లో సచార్ కమిటీ చెప్పిన కథే అందరిదీ. చదువులో వెనక, సర్కారు కొలువులో వెనక, బ్యాంకు అప్పులో వెనక. మా ఊరి పంక్చర్ షాపు పిల్లగాడు ఎక్కడికి పోతాడు? పోలేడు. ఆ సంగతి మర్చిపోయి రాయడం లేదు.

కానీ ఇంకో సంగతీ ఉంది. రాళ్లూ చెల్కలూ తప్ప ఏమీ లేదనుకున్న ఆదిభట్లలో ఇవాళ విమానాల ముక్కలు తయారవుతున్నాయి. 2018లో తెరిచిన టాటా బోయింగ్ ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు బిగిస్తారు. అవి సముద్రం దాటి అమెరికా పోతాయి. ఊళ్లో తయారైన రేకు సముద్రం దాటితే గొప్ప. ఊళ్లో పుట్టిన ముసల్మాను ఆటకు సముద్రం దాటితే నవ్వు. ఎందుకని?

మొదట గుల్‌మార్గే అనుకున్నాం. దగ్గర, ఖర్చు తక్కువ. కాశ్మీరు పేరు వినగానే ఇంట్లో అమ్మీలు వద్దన్నారు. "ఈ పేర్లు పెట్టుకుని ఆడికి గుంపుగా పోతే ఏమనుకుంటరో, ఏమో." మన దేశంలోని మంచు మీదికి పోవడానికి భయం, పరాయి దేశపు మంచు మీదికి పోవడానికి ధైర్యం. ఈ లెక్క మాకు సిగ్గనిపించింది. అయినా అమ్మీల మాటే విన్నాం.

దారిలో గల్ఫ్‌లో విమానం మారాం. చిచ్చా ఆ ఊరి అద్దాల మేడల్ని చూసి ఏం మాట్లాడలేదు. "అప్పుడు ఇక్కడే నేల మీద కూసోబెట్టేటోళ్లు, ఏజెంటు వచ్చేదాకా" అన్నాడంతే.

యూరప్‌లో దిగినచోట లైన్లో నిలబడ్డాం. దోస్తు, అతని భార్య రెండు నిమిషాల్లో బయటపడ్డారు. మమ్మల్ని పక్కకు నిలబెట్టి హోటల్ కాగితాలు, జీతం కాగితాలు, తిరుగు టికెట్లు మళ్లీ మళ్లీ చూశారు. పేర్లే కారణమని ఎవరూ అనలేదు. అనరు. మాకు అలవాటే. అలవాటు లేనిది ఆ తర్వాత జరిగింది. ఎందుకొచ్చావని అధికారి చిచ్చాను ఇంగ్లీషులో అడిగాడు. చిచ్చా నిటారుగా నిలబడి, "డ్రైవర్ సార్" అన్నాడు.

పద్నాలుగేళ్లు చెప్పిన జవాబు. నోరు దానంతట అదే చెప్పేసింది. మేం గబగబా టూరిస్టని సర్దిచెప్పాం. ముద్ర పడింది. రైలెక్కాక చాలాసేపు మాలో ఎవరికీ మాట రాలేదు.

లూసర్న్ నుంచి రైలు పళ్లచక్రాల పట్టా మీద కొండ ఎక్కి ఎంగెల్‌బర్గ్ చేరుతుంది. ఆ పేరుకు దేవదూతల కొండ అని అర్థం. మా ఇంటి భాషలో ఫరిష్తాల పహాడ్. ఊరి నడుమ 1120లో నెలకొల్పిన క్రైస్తవ మఠం ఉంది. గంట మోగితే లోయంతా వినబడుతుంది. చెవికి ఇంపుగానే ఉంది. మాకు ఏ గంట మీదా పగ లేదు. కానీ 2009 నవంబరులో ఈ దేశం ఓటేసి కొత్త మినార్లు కట్టొద్దని రాజ్యాంగంలో రాసుకుంది. వద్దన్నవాళ్లు నూటికి 57 మందికి పైనే. అప్పటికి దేశం మొత్తంలో ఉన్నవి నాలుగంటే నాలుగు మినార్లు. నాలుగింటికే అంత భయమా! మినారు ఒకరి కళ్లకు ముల్లెలా అవుతుందో 1992 డిసెంబరు 6 చూసిన మాకు కొత్తగా చెప్పక్కర్లేదు.

అద్దె ఇంట్లో సామాన్లు పెట్టి అసర్ నమాజుకు నిలబడబోతే చిన్న తికమక. ఆదిభట్లలో పొద్దుగూకే దిక్కుకు తిరుగుతాం. ఇక్కడ కాబా ఆగ్నేయంలో ఉంది. పుట్టిన దగ్గర్నుంచి పడమర అనుకున్నది, మనం నిలబడ్డ చోటును బట్టి మారుతుందని ఆనాడు ఒళ్లు తిప్పి తెలుసుకున్నాం.

తెల్లారి ఊరి పైనున్న గెర్ష్నియాల్ప్ అనే మెత్తటి వాలు మీద పాఠం. బూట్లు తొడుక్కోవడానికే అరగంట. ప్లాస్టరు కట్టు వేసినట్టు బిగుసుకుంటాయి, మడమ కదలదు. ఆ బూటును మనిషి పొడుగు పట్టీ మీద టక్కున బిగిస్తారు. ఇక నడుద్దామంటే కాలు ముందుకు రాదు, నిలబడదామంటే ఆగదు. మొదటి గంటలో మేం నిలబడ్డది తక్కువ, పడ్డది ఎక్కువ. పడేటప్పుడు ఎవరి దేవుణ్ణి వాళ్లం పిలిచాం. మేం "యా అల్లా" అంటే మా దోస్తు "ఓ మల్లన్నా" అంటూ వచ్చి చిచ్చా మీదే పడ్డాడు. ఇద్దరూ ఒకరి పట్టీల్లో ఒకరు చిక్కుకుని లేవలేక, మంచులో పొర్లి పొర్లి నవ్వారు. నేర్పే అమ్మాయి కూడా నవ్వి, పట్టీలు వాలుకు అడ్డంగా పెట్టుకుని లేవాలని చూపించింది.

ఆగడం నేర్పింది. ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరానికి తోస్తే వేగం తగ్గుతుంది. వాళ్ల భాషలో ఆ పట్టుకు నాగలి అని పేరట. ఆ మాట చెప్పగానే చిచ్చా ముఖం వెలిగింది. "అట్ల చెప్పుమను! నాగలంటె నాకెరుకే." మడమలు అదిమి సగం వాలు ఒక్కడే దిగాడు. సౌదీకి పోకముందు అబ్బాతో చెల్క దున్నిన కాళ్లు అవి. స్కీ అనే మాట కూడా నార్వేవాళ్ల పల్లె మాటే, చీల్చిన చెక్క అని అర్థం. మంచులో నడవడానికి బీదవాళ్లు కట్టుకున్న చెక్క. ఆటయ్యాక షావుకార్ల పాలైంది.

ఇక ఆపా సంగతి.

ఆపాకు నలభై ఆరు. వాళ్లమ్మ చీరకొంగు నెత్తిన వేసుకుని జొన్నచేలో కలుపు తీసింది. ఆపా ఎనిమిదేళ్లుగా నిఖాబ్ వేసుకుంటోంది. స్విస్‌వాళ్లు 2021 మార్చిలో ఓటేసి బహిరంగ చోట్ల ముఖం కప్పుకోవద్దన్నారు. నూటికి 51 మంది పైచిలుకు ఔనన్నారు. మేం పోయిన నెలలోనే, 2025 జనవరి 1 నుంచి, అది అమలులోకి వచ్చింది. తప్పితే వెయ్యి ఫ్రాంకుల దాకా జుర్మానా. ఈ వార్త మేమే ఆపాకు చదివి వినిపించాం. ఇంట్లో పంచాయతీ మొదలైంది. తీసెయ్యమని కొందరం, అట్లయితే పోవద్దని కొందరం. ఆపా ఒక్క మాట అనలేదు. విమానంలోనే తీసి మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. మొదటి రోజంతా గోడ పక్కనుంచి నడిచింది. మాటిమాటికీ చెయ్యి నోటి మీదికి పోయేది. మాలో కొందరం లోలోపల సంతోషించాం. దాచడమెందుకు?

వాలు మీద నేర్పే అమ్మాయి అందరికీ హెల్మెట్లిచ్చింది. చలిగాలికి గొంతుపట్టీని ముక్కు దాకా లాక్కోమంది. కళ్లకు పెద్ద నల్లద్దాలు. పదకొండు మందిమీ ఒక్కటే అయిపోయాం. మేమే కాదు, కొండంతా అంతే. ఆడా మగా తెలియదు, తెల్లోడూ నల్లోడూ తెలియదు. ఆపా చుట్టూ చూసి పకపకా నవ్వింది. "ఇప్పుడు ఎంతమందికి జుర్మానా వేస్తరు వీళ్లు?"

చట్టంలోనే ఉంది. చలికి కప్పుకోవచ్చు. జబ్బుకు కప్పుకోవచ్చు. ఊరి జాతర్లకు కప్పుకోవచ్చు. గుడ్డ ఒక్కటే, కారణాన్ని బట్టి నేరం.

ఆ రాత్రి బగారన్నం, దాల్చా వండుకుని అందరం ఒక్కచోట కూచుని తిన్నాం. మాటల్లో మళ్లీ నిఖాబ్ వచ్చింది. మాలో చదువుకున్నవాళ్లం చట్టం తప్పన్నాం, నిఖాబూ మంచిది కాదన్నాం. అప్పుడు ఆపా పళ్లెం పక్కన పెట్టింది. "ఇక్కడోళ్లు ఓటేసి తీయమన్నరు. ఇంట్ల మీరు ఒకలు తీయమన్నరు, ఒకలు వద్దన్నరు. నా మొఖం మీద అందరికీ ఓటున్నది. నాకే లేదు."

జవాబు చెప్పగలిగినవాళ్లు మాలో లేరు. 2022లో ఇరాన్‌లో తలగుడ్డ సరిగ్గా లేదని పట్టుకుపోయిన మహ్సా అమీనీ పోలీసుల అదుపులో ఉండగా చనిపోయింది. అదే ఏడు కర్ణాటకలో తలగుడ్డ తీస్తేనే లోపలికని ఆడపిల్లల్ని కాలేజీ గేట్ల దగ్గర ఆపారు. కప్పేవాళ్లూ విప్పేవాళ్లూ ఆ పిల్లల్ని అడగలేదు. అడగనివాళ్లలో మేమూ ఉన్నాం.

ఆఖరి రోజు తిరిగే తీగబండి ఎక్కి టిట్లిస్ పైకి పోయాం. మూడు వేల మీటర్ల ఎత్తు. అక్కడ మంచులో షారుఖ్, కాజోల్‌ల నిలువెత్తు అట్టబొమ్మలు. మనదేశం వాళ్లు ఫోటోల కోసం వరస కట్టారు. "ఖాన్‌సాబ్‌ను ఎవరూ కాగితాలు అడగలేదే!" అన్నాడు మా ఫిట్టరు. నవ్వుకున్నాం.

కిందికి వస్తుంటే చిచ్చా అడిగాడు, ఈ ఆట మనోళ్లెవరన్నా ఆడతారా అని. చెప్పాం. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు భారతదేశం నుంచి పోయింది ఒక్కడే, కాశ్మీరు పిల్లగాడు ఆరిఫ్ ఖాన్. ప్రారంభం నాడు జెండా మోసింది అతనే. జెయింట్ స్లాలమ్‌లో 45వ వాడిగా వచ్చాడు. చిచ్చా కాసేపు ఆలోచించాడు. "పడకుంట కిందికొచ్చిండు గద. చాలు."

మంచులో ముసుగుల వెనక మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టలేదు. హాయిగానే ఉంది. కానీ ఆ హాయి మాకు చాలదు. పేరు కనబడకపోతేనే దొరికే సుఖం ఏం సుఖం? ముఖం కనబడుతూ, పేరు పిలిపించుకుంటూ పడాలి, లేవాలి, నవ్వాలి. మేం అడిగేది అదే.

ఆదిభట్లకు వచ్చాం. పిల్లలు ఖర్జూరాలేవీ, జమ్‌జమ్ నీళ్లేవీ అన్నారు. చాక్లెట్లు పంచాం. ఆపా మర్నాడు నిఖాబ్ వేసుకునే బయటికొచ్చింది. ఈసారి మేమెవరం నోరు తెరవలేదు.

సాయంత్రం చాయ్ హోటల్లో ఎవరో చిచ్చాను అడిగారు, ఏం పని మీద పోయినవని.

చిచ్చా సాసర్లోకి చాయ్ వంచుకుని, తాపీగా ఊదుకుని చెప్పాడు.

"ఆడుకోనీకి పోయిన."